రెడ్డెప్ప రైఫిలుకు లైటు

కుప్పంలో డాక్టరు రాసిచ్చిన చీటీని రెడ్డెప్ప బస్టాండులోనే నాలుగు మడతలు పెట్టి కోడలి చేతికిచ్చాడు.

"ఇది నీకాడే పెట్టుకో. ఇంట్లో కీళ్ళనొప్పులని చెప్పు. చెయ్యి వణుకుతాందని తెలిస్తే ముందు లైసెన్సు పోతాది, ఆ ఎనకాలే మర్యాద పోతాది."

సుమలత తలూపింది.

"తలూపితే కాదమ్మా. నోటితో చెప్పు."

"ఎవురికీ చెప్పను మామా."

ఆ మాట ఇచ్చి రెండు నెలలైంది. కుండలో నీళ్ళు ముంచుకునేటప్పుడు మామ చెంబును రెండు చేతులతో పట్టుకోవడం ఆమె చూస్తోంది. అత్త వెంకటమ్మ చూడటం లేదు. మొగుడు గిరిబాబు చూసేంతసేపు ఇంట్లో ఉండడు. పాల వ్యానులో సాయంత్రం క్యాన్లతో పోయి, తెల్లవారుజామున రోడ్డు మీద దిగి, చేల గట్ల మీదుగా ఇంటికొస్తాడు.

వాళ్ళ ఊరు రామకుప్పం దాటాక అడవికి ఆనుకుని ఉంటుంది. రెడ్డెప్పకు మూడెకరాల రాగిచేను, చేను నడుమ ఒక మంచె, మంచె మీద ఒక రైఫిలు. మిలిటరీలో పనిచేసొచ్చిన తండ్రి నుంచి వచ్చిన రైఫిలు అది. పంటల కాపుదలకని లైసెన్సు పుస్తకంలో రాసుంది. గాల్లోకి పేల్చి అడవిపందుల్ని బెదిరించాలి. రెడ్డెప్ప మాత్రం గాల్లోకి పేలిస్తే పంది నవ్విపోతుందనేవాడు. దాని కాళ్ళ ముందర జానెడు దూరంలో మట్టి లేపితేనే అది మళ్ళీ రాదట. ముప్పై ఏళ్ళుగా ఆయన అట్లా మట్టి లేపుతున్నాడు. ఒక్కసారీ గురి తప్పలేదు. ఊళ్ళో ఆయనకున్న పేరంతా ఆ జానెడులోనే ఉంది.

ఆ చేలల్లో ఇంకో కట్టుబాటు ఉండేది. చీకట్లో గట్టు తొక్కేవాడు ఎవడైనా సరే ముందు తన పేరు మూడుసార్లు కేకెయ్యాలి. పలికినోడు మనిషి, పలకనిది పంది. కిందటేడు ఒక ఏనుగు కేక విన్న వైపే నడిచొచ్చి దేవళం పక్క పాకను తొక్కేసింది. దాంతో ఊరంతా కూర్చుని, రాగి కంకి పట్టినప్పటి నుంచి కోత అయ్యేదాకా చీకట్లో ఎవరూ నోరెత్తకూడదని తీర్మానించారు. ఏనుగుల కోసం చేసిన కట్టుబాటు పందుల కాలం నాటి కట్టుబాటును మింగేసింది. అది మింగేసిన సంగతి ఊళ్ళో ఎవరూ అంతగా పట్టించుకోలేదు. సుమలత పట్టించుకుంది. ఆమె మొగుడు రోజూ పలకకుండా ఆ గట్ల మీద నడిచి వస్తున్నాడు.

కార్తీకం దాటాక ఒకరోజు రెడ్డెప్ప రైఫిలు పట్టుకుని ఇంటికొచ్చి గోడకు ఆనించాడు.

"ట్రిగ్గరు బిగుసుకుపోయినాది. రెండు వేళ్ళు పెట్టి లాగితే గాని రాలేదు. గుండు యాడికో పోయినాది. మదనపల్లెలో దాసప్పకాడికి తీసకపోయి మెత్తగా చేయించుకోవాల. అట్లే గొట్టానికి కట్టుకునే లైటొకటి కొనాల."

"లైటెందుకు?" అంది వెంకటమ్మ చాటలో రాగులు చెరుగుతూ. "పంది మొగం సూసి బొట్టు పెడతావా?"

"నీ మొగం సూసి ముప్పై ఐదేండ్లయింది, ఇంక దేన్ని సూసినా నాకు భయం ల్యా."

వెంకటమ్మ చాట ఆపి నవ్వింది. సుమలతకు నవ్వు రాలేదు. బిగుసుకున్నది ట్రిగ్గరు కాదని ఆమెకు తెలుసు. వేలిలో సత్తువ తగ్గింది. వేలు లాగలేకపోవడం వల్లనే ఈ రెండు నెలలూ ఏ ప్రమాదమూ జరగలేదేమో. వణికే చేతికి మెత్తటి ట్రిగ్గరు వస్తే జానెడు దూరం ఏమవుతుంది?

అక్షరమ్ముక్క వచ్చింది ఇంట్లో ఆమెకే. పదో తరగతి దాకా వాళ్ళ ఊరి బడిలో చదివింది. బస్సు బోర్డులకీ, లైసెన్సు పుస్తకానికీ తోడుగా ఆమె వెంట వెళ్ళింది. రైఫిలును గోనెసంచిలో చుట్టి చెరకుగడలా పట్టుకుని రెడ్డెప్ప కిటికీ పక్కన కూర్చున్నాడు. దారి పొడుగునా ఆయన కుడిచెయ్యి ఎడమచేతి కింద దాగి ఉంది.

పుంగనూరులో దిగి ముందు లైటు చూశారు. దేవరాజులు కరెంటు సామాన్ల అంగడి రెడ్డెప్పకు పాత ఎరుక. ఆయన మూడు రకాలు బల్ల మీద పెట్టాడు. ఒకటి మూడు బ్యాటరీల స్టీలు టార్చి. రెండోది మోపెడ్ బల్బుకు ఆరు వోల్టుల బ్యాటరీ కట్టింది, బ్యాటరీని నడుముకు వేలాడేసుకోవాలి. మూడోది బొటనవేలంత చైనా లైటు, తెల్లటి వెలుతురు.

"చైనాది ఇప్పుడిప్పుడే వస్తాండాదప్పా. అగ్గువ, బరువు ల్యా. నిజం చెప్పాలంటే గ్యారంటీ కూడా ల్యా" అన్నాడు దేవరాజులు.

"బరువు లేనిదే కావాల" అన్నాడు రెడ్డెప్ప.

బరువు ఎందుకు వద్దో సుమలతకు అర్థమైంది. ఆమె మెల్లిగా అడిగింది. "అన్నా, యాడన్నా చీకట్లో వేసి సూసేదానికి ఉండాదా?"

అంగడి వెనక పైపులు పెట్టుకునే పొడుగాటి గోడౌను ఉంది. సుమలత ఆ చివరకు పోయి గోడకు ఆనుకుని నిలబడింది. రెడ్డెప్ప ఈ చివర నుంచి చైనా లైటు వేశాడు.

"నేను తెలస్తాండానా మామా?"

"తెల్లగా ఏందో ఉండాది."

"ఏందో అంటే మనిషా, మూటా?"

"నువ్వు మాట్లాడతాండావు కాబట్టి మనిషి" అన్నాడాయన. దేవరాజులు పక్కున నవ్వాడు.

తర్వాత స్టీలు టార్చి. దాని వెలుతురు పచ్చగా, నిండుగా వచ్చి ఆమె మీద పడింది. "ఇప్పుడు కనిపిస్తాండావు. ముక్కుపుడక కూడా కనిపిస్తాంది" అన్నాడు రెడ్డెప్ప. ఆమె తల తిప్పి వెనక గోడ మీది వెలుతురు చూసింది. టార్చి బరువుకి మామ చెయ్యి ఇంకా ఎక్కువగా వణుకుతోంది. చేతిలో గింజంత వణుకు గోడ మీదికి వచ్చేసరికి జానెడంత అయింది. పచ్చటి వలయం నీళ్ళల్లో చందమామలాగా కదిలిపోతోంది.

దేవరాజులు కూడా గోడనే చూస్తున్నాడు. "ఏందప్పా, లైటు కోలాటం ఆడతాండాది?"

రెడ్డెప్ప టార్చి కిందికి దించాడు. ఆ చీకట్లో ఆయన మొహం ఆమెకు కనపడలేదు గానీ, ఎట్లా ఉంటుందో తెలుసు.

"బల్బు లూజుగా ఉన్నట్టుండాది" అంది సుమలత.

దేవరాజులు టార్చి తీసుకుని మూత విప్పి, బిగించి, చెవి దగ్గర పెట్టుకుని ఊపాడు. "బాగనే ఉండాదే" అని గొణుక్కున్నాడు. రెడ్డెప్ప అప్పటికే బల్ల దగ్గరకు వచ్చి చైనా లైటు జేబులో వేసుకున్నాడు.

బయటకొచ్చాక ఆయన ఒక్క మాటే అన్నాడు. "నా పరువు నిలబెట్టినావమ్మా."

ఆ మాట ఆమెకు చెంపదెబ్బలా తగిలింది. పరువు నిలిచింది. కానీ మొహం చూపించే లైటు అంగట్లోనే ఉండిపోయింది. మనిషికీ మూటకీ తేడా తెలియని లైటు తమతో వస్తోంది. ఆ అబద్ధం ఆడకుండా ఉండుంటే? ఆడకపోతే ఇచ్చిన మాట పోయేది.

పక్కనే సైకిలు షాపు ముందర రేడియం స్టిక్కర్ల తోరణం వేలాడుతోంది, ఎరుపు, పసుపు. సైకిళ్ళ మడ్‌గార్డుకి అతికించేవి, రాత్రి లైటు పడితే మెరిసేవి. మామ టీ తాగుతుండగా సుమలత పోయి ఎర్రవి రెండు కొనుక్కుని జాకెట్టులో దోపుకుంది.

మదనపల్లెలో దాసప్ప తుపాకుల రిపేరు అంగడి సందులో ఉంది. దాసప్పకు అరవై దాటుంటాయి. ముందు లైసెన్సు పుస్తకం అడిగాడు. రైఫిలు నంబరును అద్దంతో చూసి పుస్తకంలో నంబరుతో సరిపోల్చాడు. తర్వాత తుపాకిని పైకి నిలబెట్టి బిగించి, ట్రిగ్గరుకు తీగ తగిలించి, పక్కన చింతపండు మండీ నుంచి తూకపు రాళ్ళు తెప్పించాడు. తీగకు ఒక్కో రాయి వేలాడేశాడు. మూడు కిలోల దగ్గర కదల్లేదు. ఇంకో అరకిలో వేస్తే టక్కుమంది.

"మూడున్నర. ఇది బిగుసుకున్నది కాదప్పా, దీని బిగువే ఇంత. అడివి కాడ ఇట్లే ఉండాల."

"కిలోకి దించు."

"కిలోనా? అది పందేల్లో అట్టముక్కను కొట్టేవాళ్ళకి. ట్రిగ్గరు మెత్తబడితే తుపాకి నీ మాట ఇనదు, నీ ఏలు మాట ఇంటాది. ఏలుకు బుద్ధుంటాదా?"

"ముప్పై ఏండ్ల నుంచి కాలుస్తాండా. నాకు బుద్ధులు చెప్పొద్దు."

దాసప్ప కాసేపు రెడ్డెప్ప మొహం కేసి చూసి, ఆ తర్వాత చేతులు చూశాడు. చేతులు ఒకదాని కింద ఒకటి ఉన్నాయి. "కిలోన్నర. దానికి తక్కువ నేను చెయ్యను. సాయంత్రానికి ఇస్తా" అన్నాడు.

సాయంత్రం రైఫిలు తీసుకునేటప్పుడు దాసప్ప రిజిస్టరులో సంతకం పెట్టమన్నాడు. రెడ్డెప్ప వేలిముద్ర వేసి, చెయ్యి తుడుచుకోవడానికి బయట కొళాయి దగ్గరకు పోయాడు. సుమలత అక్కడే ఉండి బల్ల అంచును గోటితో గీకింది.

"పెద్దాయనా, దీన్ని మల్లా గట్టిగా చెయ్యచ్చా?"

"యాలమ్మా?"

ఆమె కొళాయి వైపు చూసింది. దాసప్ప కూడా అటు చూశాడు. తీసేసిన పాత స్ప్రింగును కాగితంలో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "ఇది పారెయ్యద్దు. ఇది తెస్తే గంటలో పని. కూలి కూడా అడగను."

ఇంటికొచ్చాక సుమలత ఆ పొట్లాన్ని వంటింట్లో కందిపప్పు డబ్బాలో దాచింది. రేడియం ముక్కల్ని గిరిబాబు మంకీ క్యాపు వెనకవైపు కొంచెం ఎడంగా అతికించి, ఊడిపోకుండా అంచులకు దారం కుట్టింది. లైటు వేస్తే అవి మెరుస్తాయి. మెరిసేది మనిషి సామాను అని మామకు తెలుస్తుంది. ఆమె ఆలోచన అంతే.

గిరిబాబు క్యాపు తిప్పి చూసుకుని పడీపడీ నవ్వాడు. "నేనేమన్నా లారీనా మే? మధ్యలో హారన్ ప్లీజ్ అని కూడా రాయి."

"రోడ్డు మింద నడుస్తావు గదా, ఎనకాల బండ్లకి కనపడాల."

"నన్ను గుద్దే బండి ఇంకా పుట్టలా."

"పెట్టుకో అంటే పెట్టుకో" అంది. ఎప్పుడూ గట్టిగా మాట్లాడని మనిషి అంత గట్టిగా అనేసరికి అతను నవ్వు ఆపి క్యాపు తలకు తగిలించుకున్నాడు.

ఈ సంగతి మామకు ఎట్లా చెప్పాలో ఆమెకు తోచలేదు. నువ్వు కాలుస్తావేమోనని నీ కొడుకు తలకు గుర్తు పెట్టానని ఏ కోడలు చెప్పగలదు? రేపు చెబుదామనుకుంది. ఆ రేపు తర్వాత ఇంకో రేపు వచ్చింది.

ట్రిగ్గరు మెత్తబడ్డాక ఆమెకు నిద్ర కరువైంది. మొదట్లో తెల్లవారాక మంచె దగ్గరకు కాఫీ తీసుకుపోయేది. ఇప్పుడు కోడి కూయకముందే ఫ్లాస్కు నింపుకుని బయలుదేరుతోంది. "మీ మామ మింద అంత ప్రేమ యాలొచ్చినాదో" అని వెంకటమ్మ ముసుగులోంచే ఎకసెక్కమాడేది.

ఎనిమిదో రోజు మంచు దట్టంగా కురిసింది. తూర్పున ఇంకా వెలుగు రాలేదు. సుమలత నిచ్చెన ఎక్కి తల పైకి పెట్టేసరికి రెడ్డెప్ప మోకాళ్ళ మీద కూర్చుని ఉన్నాడు. రైఫిలు భుజానికి ఆనించి ఉంది. గొట్టం కింద కట్టిన చైనా లైటు వెలుగుతోంది.

"ష్" అన్నాడు తిరక్కుండానే. "పంది."

ఆమె వెలుతురు పడ్డచోటు చూసింది. తెల్లటి మంచులో రాగికంకులు, వాటి మధ్య నల్లటి ముద్ద. ఆ ముద్దలో నడుమెత్తున రెండు ఎర్రటి చుక్కలు నిప్పుకణికల్లా మెరుస్తున్నాయి. వెలుతురు వణుకుతోంది. చుక్కలు మాత్రం కదలడం లేదు.

పంది కళ్ళు అట్లాగే మెరుస్తాయి. ఆ దూరానికి, ఆ ఎత్తుకి, ఆ ఎడానికి సరిగ్గా అట్లాగే ఉంటాయి. ఎడం ఎంతుందో ఆమెకు తెలుసు. బెత్తెడు. తన చేత్తో కొలిచి కుట్టింది.

మొగుడు అటు తిరిగి కూర్చుని ఉన్నాడు. ఎందుకు కూర్చున్నాడో, ఏం విన్నాడో తెలియదు. కేకేస్తే మామ ఉలిక్కిపడతాడు. కిలోన్నర ట్రిగ్గరుకు ఆ ఉలికిపాటు చాలు.

ఆమె నిచ్చెన ఆఖరి మెట్టు ఎక్కి, ఆయన చెవి దగ్గర, పసిబిడ్డను లేపుతున్నట్టు అంది. "మామా. అది పంది కాదు. గిరిబాబు." పెళ్ళైన ఐదేళ్ళలో పెద్దల ముందు ఆమె మొగుడి పేరు పలకడం అదే మొదలు. "ఆ ఎర్రవి నేను కుట్టినవి. టోపీకి."

వెలుతురు ఇంకా ఎక్కువగా కదిలింది.

"ఏలు తీ మామా."

"తీయలేనమ్మా." ఆయన గొంతు పీలగా వచ్చింది. "ఏలు ట్రిగ్గరు మింద ఉండాది. కదిలిస్తే పేల్తాది. నా ఏలు నా మాట ఇంటల్యా."

ఆమె ఫ్లాస్కును చప్పుడు కాకుండా పలకల మీద పెట్టింది. ఆమె అరచెయ్యి గొట్టం కింద పెట్టింది. ఇనుము మంచుగడ్డలా ఉంది. "ఏలు అట్లే ఉండనీ. నువ్వేం చెయ్యొద్దు. నేనెత్తుతా." నిండు కడవను నెత్తికెత్తుకునేటప్పుడు నీళ్ళు తొణక్కుండా ఎత్తినట్టు, మెల్లమెల్లగా గొట్టాన్ని పైకెత్తింది. వెలుతురు ఎర్రచుక్కల మీంచి కంకుల మీదికి, కంకుల మీంచి మంచులోకి, మంచులోంచి ఆకాశంలోకి పోయింది. అక్కడ దేన్నీ పట్టుకోలేక చెదిరిపోయింది.

అప్పుడు పేలింది.

చెవులు గింగురుమన్నాయి. చేలోంచి పిట్టలన్నీ ఒక్కసారిగా లేచాయి. అది సద్దుమణగకముందే కింద రాగిచేలోంచి ఒక మనిషి నిలబడి, ఏనుగుల కట్టుబాటు మరిచి, పాత కట్టుబాటు ప్రకారం గొంతు చించుకున్నాడు.

"రెడ్డెప్ప కొడుకు గిరిబాబు! రెడ్డెప్ప కొడుకు గిరిబాబు! రెడ్డెప్ప కొడుకు గిరిబాబు!"

అవతలి మంచెల మీద నుంచి కూడా ఒకరి తర్వాత ఒకరు పేర్లు పలికారు. గంగప్ప, మునిరాజు, ఇంకెవరో. సుమలత మంచె మీద చతికిలబడి, అన్ని పేర్లూ వింటూ కూర్చుంది. మొదటి పేరు మాత్రం ఇంకా చెవిలోనే ఉంది.

గిరిబాబు పరిగెత్తుకుంటూ వచ్చి మంచె ఎక్కాడు. కాళ్ళకు బురద, మొహం పాలిపోయి ఉంది. "ఏమయింది నాయనా? గట్టు కాడ గలగలమంటే ఏనుగనుకోని కూసున్నా. తీరా సూస్తే గంగప్ప పెయ్యదూడ. అంతలో పేలినాది. పందొచ్చిందా?"

రెడ్డెప్ప రైఫిలులోంచి మిగిలిన తూటాలు తీసి పక్కన పెట్టాడు. తీసేసరికి చాలాసేపు పట్టింది. రెండు తూటాలు చేతిలోంచి జారి పలకల సందులోంచి కింద పడ్డాయి. గిరిబాబు ఆ చెయ్యినే చూస్తుండిపోయాడు.

"సూడు" అన్నాడు రెడ్డెప్ప, చెయ్యి చాపి. మొదటిసారి ఆయన ఆ చెయ్యి దాచుకోలేదు. "ఇదీ సంగతి. కుప్పం డాక్టరు రెండు నెల్ల కిందటే చెప్పినాడు."

గిరిబాబు పెళ్ళాం వైపు తిరిగాడు. "నీకు తెల్సా?"

"ఆయమ్మనేం అడగొద్దు. నోరు కట్టేసింది నేను" అన్నాడు రెడ్డెప్ప. "నేను పేల్చబోయింది నీ మింద. పంది కండ్లనుకుంటి."

గిరిబాబు తల మీది క్యాపు తీసి వెనక వైపు చూసుకున్నాడు. ఈసారి లారీ జోకు వెయ్యలేదు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు.

రెడ్డెప్ప సుమలత వైపు తిరిగాడు. "దాసప్ప నీకేదో పొట్లం కట్టిచ్చినాడే. కొళాయి కాడ నుంచి సూసినాను. యాడ పెట్టినావు?"

"పప్పు డబ్బాలో మామా."

"భద్రంగా ఉండాది గదా. రేపు మదనపల్లె పోదాం. మూడున్నరే వేయించి, ఆ ఎనకాల లైసెన్సు వీడి పేరుకి రాయించాల. అట్లే పుంగనూరులో దిగి ఆ స్టీలు టార్చి తీసుకోవాల. ముక్కుపుడక కనిపించేది." ఆగి, క్యాపు వైపు చెయ్యి చూపించాడు. "అందులో ఒకటి పీకెయ్. ఒకటే ఉండనీ. ఒంటికన్ను పంది యాడా ల్యా."

గిరిబాబు ముక్కులోంచి నవ్వో ఏడుపో తెలియని చప్పుడొకటి వచ్చింది. సుమలత క్యాపు తీసుకుని దారపు ముడి కోసం వెతికింది. ఇంకా తెల్లవారలేదు, ముడి కనపడటం లేదు. రెడ్డెప్ప గొట్టం కింది చైనా లైటు విప్పి ఆమె చేతుల మీదికి పట్టాడు. వెలుతురు ఆమె వేళ్ళ మీద అటూ ఇటూ ఊగింది. బల్బు లూజని ఈసారి ఎవరూ అనలేదు.